లెక్కలు తీసేసిన లెక్కల మాస్టారు

మా హెడ్మాస్టారు పోయారు. బడి ఆవరణలోనే సంతాప సభ పెట్టి, నన్ను కూడా మాట్లాడమని పిలిచారు. స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీలో ఆయన నవ్వుతున్నారు. బొమ్మ కింద పెద్దక్షరాలతో ‘పనే చదువు’ అని రాయించారు. ఆయన మాటే అది. మైకు పట్టుకున్న కుర్ర టీచరు, “మాస్టారు నేర్పించిన పనితోనే పైకొచ్చి, ఈవేళ పాలకొల్లులో సొంతంగా మోటారు వైండింగ్ షాపు నడుపుతున్న మన ఊరి ఆడపడుచు” అని నన్ను పరిచయం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మైకు దాకా వెళ్ళాను. ముందు వరసలో మాస్టారి భార్య కూర్చుని ఉన్నారు. ఆవిడ మొహం చూశాక నోటిదాకా వచ్చిన మాట వెనక్కిపోయింది. ఫొటోకి దణ్ణం పెట్టి వచ్చి కూర్చున్నాను. దుఃఖంతో గొంతు పెగల్లేదనుకున్నారు జనం. పక్కనున్నావిడ నా వీపు నిమిరింది కూడా.

దుఃఖం కాదు. నా దగ్గరున్న మాట ఆ ఇల్లాలి ముందు అనదగ్గది కాదు, అంతే.

ఆయన లెక్కలు చెబుతుంటే చూడాలి. వృత్తలేఖిని ఎప్పుడూ ముట్టుకునేవారు కాదు. బోర్డు ముందు నిలబడి, భుజం దగ్గర్నుంచి చెయ్యి ఒక్క తిప్పు తిప్పేవారు. సున్నా ఎక్కడ మొదలైందో ఎక్కడ కలిసిందో తెలిసేది కాదు. మధ్యలో చుక్క పెట్టి, పిల్లల వైపు తిరిగి కనుబొమలు ఎగరేసేవారు. డస్టరు వాడేవారు కాదు. ఎడమ అరచేత్తో తుడిచేసేవారు. అందుకని ఆ చెయ్యి ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఎవరైనా లెక్క బాగా చేస్తే ఆ చేత్తోనే తల నిమిరేవారు. ఎ సెక్షన్ ఆడపిల్లలు తలలో ఆ సుద్ద మరక దులుపుకోకుండా సాయంత్రం దాకా తిరిగేవారు, అందరికీ కనిపించాలని.

కొట్టేవారు కాదు. తిట్టేవారూ కాదు. లెక్క తప్పితే, “ఎక్కడ దారి తప్పావో అక్కడి దాకా వెనక్కి వెళ్దాం పద” అనేవారు. పెళ్ళి భోజనాల్లో కూడా ఊరుకునేవారు కాదు. పక్క విస్తరిలో కూర్చున్న కుర్రాణ్ణి పట్టుకుని, ముద్దపప్పుతో ఆకు మీద త్రిభుజం గీసి, “మూడో కోణం ఎంతరా?” అని అడిగేవారు. వాడు చెప్పేదాకా నెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. బస్టాండులో నెరిసిన జుట్టుతో ఎవరైనా ఎదురుపడి నమస్కారం పెడితే, ఇంటిపేరుతో సహా పిలిచి, “కిటికీ పక్క బెంచీ కదూ నువ్వు? త్రికోణమితిలో ఒక్క మార్కు పోగొట్టుకున్నావు” అనేవారు. ఆ పెద్దమనిషి పొంగిపోయేవాడు.

ఇవన్నీ నేను దూరం నుంచి చూసినవి, విన్నవి. నేను బి సెక్షన్.

మా బడి పాలకొల్లుకి దగ్గర్లోనే, ఎయిడెడ్ హైస్కూలు. ఎ సెక్షన్‌కి లెక్కలు ఆయనే చెప్పేవారు. బి కి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళొచ్చేవారు. డ్రిల్లు మాస్టారొచ్చి ఎక్కాలు అప్పజెప్పించుకుని వెళ్ళిపోయిన రోజులు చాలా ఉన్నాయి. ఎవరు ఎ, ఎవరు బి అన్నది పరీక్ష పెట్టి తేల్చామనేవారు. రొయ్యల చెరువుల ఆసాముల పిల్లలు బి లోకి రావడం నేను చూడలేదు. కాలవ అవతలి మా పేట పిల్లలు ఎ లో కూర్చోవడమూ చూడలేదు. నేనూ సత్యవతీ పేట పిల్లలమే. ఒకే బెంచీ. దానిది గంటలాంటి గొంతు. తెలుగు వాచకం అది పైకి చదువుతుంటే పక్క గదిలో పాఠం ఆగిపోయేది.

మేం తొమ్మిదో తరగతిలోకి వచ్చిన కొత్తల్లో మాస్టారు మా గదిలోకి వచ్చారు. ఆయన బి సెక్షన్‌లో అడుగుపెట్టడం నాకు తెలిసి అదే మొదలు.

“లెక్కలు, హిందీ అందరికీ ఎందుకర్రా? మీకు ఆ రెండూ తీసేస్తున్నాను. బదులు పని నేర్పిస్తాను. రేప్పొద్దున్న ఆ ఎ సెక్షన్ వాళ్ళు ఉద్యోగాలు వెతుక్కుంటూ తిరుగుతారు, మీరు సంపాదించుకుంటూ ఉంటారు. పనే చదువర్రా. ఏమంటారు?”

మేం ఎగిరి గంతేశాం. లెక్కలు పోయాయంటే ఏ పిల్లలకి సంతోషముండదు! బెంచీలు బాదాం. ఆయన కూడా మాతో కలిసి నవ్వారు. ఆ నవ్వులో మోసం లేదు. నేను ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఆయన నమ్మే చెప్పారు. నమ్మి చేసినవాళ్ళని ఏమీ అనలేకపోవడమే పెద్ద కష్టం.

పిల్లల్ని ఒప్పిస్తే చాలదని ఆయనకి తెలుసు. మోపెడ్ వేసుకుని పేటకి వచ్చారు, ఇంటింటికీ. మా ఇంటి ముందు నులకమంచం మీద కూర్చున్నారు. అమ్మ అప్పుడే ఊడ్పుల నుంచి వచ్చింది, మోకాళ్ళ దాకా బురద.

“ఏమ్మా, పిల్లని ఏం చేద్దామనుకుంటున్నారు?”

“మాకేం తెలుస్తాదండి మాస్టారూ. తమరెలాగంటే అలాగేనండి.”

“దీనికి లెక్కలు రావమ్మా. అది దాని తప్పు కాదు. రానిదాన్ని పట్టుకు వేలాడితే పది తప్పుతుంది. తప్పితే ఇంట్లో కూర్చుంటుంది. ఇంట్లో కూర్చుంటే మీరు పెళ్ళి చేసేస్తారు. అవునా, కాదా?”

“ఆయ్, అవునండి.”

“అందుకని ఆ రెండు సబ్జెక్టులూ తీసేసి ఆ టైములో పని నేర్పిస్తాను. పది పాసవుతుంది, చేతిలో పనీ ఉంటుంది. చేతిలో పనున్నవాళ్ళు ఎక్కడైనా బతుకుతారు.”

అమ్మ ఒక్కటే అడిగింది. “మరి ముందు ముందు పెద్ద చదువులు గట్రా వస్తాయాండి?”

“అన్నీ వస్తాయమ్మా” అన్నారాయన, మెత్తగా. తర్వాత అమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, “చల్లగా ఉందమ్మా” అన్నారు. మా పేటలో పైవాళ్ళెవరూ మంచినీళ్ళు ముట్టిన పాపాన పోలేదు అప్పటికి. మాస్టారు మా ఇంట మజ్జిగ తాగారని అమ్మ ఏడాదంతా చెప్పుకుంది. ఆ మజ్జిగతో మా లెక్కలు పోయాయి.

మగపిల్లల్ని మెకానిక్కు షెడ్లకి పంపారు. ఆడపిల్లల కోసం రొయ్యల షెడ్డు వ్యాను బడికే వచ్చేది, ప్రార్థన అవగానే. అది వెనక్కి తిరిగి గేటు దాటేటప్పుడు ఎ సెక్షన్ కిటికీల పక్కనుంచి వెళ్ళేది. “ఇప్పుడు చూడండర్రా…” అని ఆయన గొంతు వినిపించేది. ఏం చూడమన్నారో వినేలోపల వ్యాను రోడ్డెక్కేసేది.

షెడ్డులో తలలకి టోపీలు పెట్టి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడిగి, ఐసు కలిపిన రొయ్యల ముందు నిలబెట్టేవారు. తల తుంచి, పెంకు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగి, పక్క ట్రేలో పడెయ్యాలి. అదే శిక్షణ. మొదటి వారంలోనే అంతా వచ్చేసింది, ఇంక నేర్చుకోవడానికేమీ లేదు. అయినా వ్యాను రోజూ వచ్చేది. మొదట్లో మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగి బడిలో దింపేవారు. తర్వాత సాయంత్రం దాకా ఉంచేసేవారు. సరుకు ఎక్కువొచ్చిన రోజున చీకటి పడేది. ఒకసారి సత్యవతి ధైర్యం చేసి, తెలుగు పీరియడు కూడా పోతోందండి అని మాస్టారితో అంది. “పనిలో ఉన్నప్పుడు గడియారం చూడకూడదమ్మా” అన్నారాయన, నవ్వుతూ.

నా చేతులు ఆ నీళ్ళకి పుళ్ళు పడ్డాయి. వేళ్ళ మధ్య చర్మం ఊడొచ్చేసింది. పుళ్ళ చేతులు సరుకులో పెట్టకూడదని షెడ్డువాళ్ళే నన్ను వెనక్కి పంపేశారు. మాస్టారు నన్ను తీసుకెళ్ళి సెంటర్లో మోటార్లు చుట్టే రాంబాబు బాబాయి షాపులో అప్పజెప్పారు. సత్యవతి చేతులకి ఏమీ కాలేదు. అదే దాని దురదృష్టం.

అబద్ధమాడకూడదు, ఆ మోటారు పని నాకు నచ్చింది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ గాలి కలిపే చక్రాలుంటాయి కదా, వాటి మోటార్లు కాలిపోయి వచ్చేవి మా షాపుకి. మాడిన తీగంతా కోసి లాగేసి, కొత్త రాగితీగ చుట్టి, కాయిల్ ఒక్కొక్కటీ గాడిలో కూర్చోబెట్టాలి. చుట్టిన మోటారుకి కరెంటిచ్చినప్పుడు అది సన్నగా మూలిగి తిరగడం మొదలెడితే నాకు ఒళ్ళు పులకరించేది. రాంబాబు బాబాయి మంచివాడు. “నీ వేళ్ళు సన్నంగా ఉన్నాయే, తీగ నీ మాట వింటాది” అనేవాడు.

మేం పదో తరగతికొచ్చిన ఏడు మా బడికి పరీక్షల్లో నూటికి నూరు శాతం వచ్చింది. మాస్టారిని పూలదండలేసి జీపు మీద ఊరేగించారు. నేనూ సత్యవతీ రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాం. మా సంగతి తర్వాత తెలిసింది. మా పేర్లు బడి రిజిస్టరులోంచి తీసేసి, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించారు. అక్కడ లెక్కలు వద్దనుకుంటే వదిలేసి, బదులు వేరే పేపరు రాయొచ్చు. మేమూ పాసయ్యాం. కానీ ఆ నూటిలో మేం లేం. మమ్మల్ని తీసేశాకే అది నూరయింది.

“ఐటీఐ చెయ్యవే, ఎలక్ట్రీషియను. నాకు లేని కాగితం నీకన్నా ఉంటాది” అని రాంబాబు బాబాయే తొందరపెట్టాడు. అప్లికేషన్ పట్టుకుని వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన నా మార్కుల మెమో అటూ ఇటూ తిప్పి చూశాడు.

“లెక్కలేవమ్మా?”

“మాకు లెక్కలు లేవండి. వాటి బదులు మోటారు పని నేర్పించారండి.”

“ఈ ట్రేడుకి పదిలో లెక్కలుండాలమ్మా. కుట్టుపని అయితే తీసుకుంటాం, రాస్తావా?”

మోటారు పని నేర్పిస్తామని లెక్కలు తీసేశారు. లెక్కలు లేవని మోటారు పని చదువుకోనివ్వలేదు. ఇంటికొచ్చేదాకా బస్సులో నాకు ఈ ముడి విడలేదు. ఎవరో ఒకరు పొరపాటు పడి ఉంటారు, మాస్టారు ఒక మాట చెబితే సరిపోతుంది అనుకున్నాను.

ఆయన ఇంటి వరండాలో వాళ్ళమ్మాయికి లెక్కలు చెబుతున్నారు. ఆ పిల్ల అప్పుడు భీమవరంలో ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. నోట్సు నిండా సున్నాలు, గీతలు. నేను మెట్ల దగ్గరే నిలబడి సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, చివర్లో హాయిగా నవ్వారు.

“ఐటీఐ ఎందుకమ్మా నీకు? అక్కడ నేర్పేది నీకు ముందే వచ్చుగా!”

“కాగితం ఉండాలంటున్నారండి.”

“కాగితాలు పని రానివాళ్ళకమ్మా. నీకెందుకు?”

“మరి అమ్మాయి గారికి…” అని ఆగిపోయాను. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసి, మళ్ళీ నోట్సు మీదకి వంగింది. ఆయనకి నేనన్నది వినపడలేదో, వినపడినా తగల్లేదో. లోపలికి వెళ్ళి, రావులపాలెం నుంచి ఎవరో శిష్యుడు గెల పంపించాడంటూ అరటిపళ్ళు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. “అమ్మని అడిగానని చెప్పు” అన్నారు.

అమ్మ ఆ పళ్ళని దేవుడి పటం ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు.

తర్వాత మా జీవితం అందరిలాగే సాగింది. పెళ్ళయింది. మా ఆయన కూడా వైండింగ్ పనివాడే. ఇద్దరం పాలకొల్లులో షాపు పెట్టుకున్నాం. ఇద్దరు పిల్లలు. పనికి లోటు లేదు గానీ, పెద్ద కంపెనీల చెరువుల పని మాకు వచ్చేది కాదు. షాపులో ఐటీఐ పాసైనవాళ్ళు ఉండాలి, లైసెన్సు ఉండాలి అనేవారు. కంపెనీవాళ్ళ మోటార్లు లైసెన్సున్న షాపుకి వెళ్ళేవి. అక్కడినుంచి చాటుగా మా దగ్గరికే వచ్చేవి. చుట్టేది నేను, సంతకం ఇంకొకరిది. అలా ఏళ్ళు గడిచాయి. ఒకరోజు ఎవరో చెప్పారు, ఓపెన్‌లో లెక్కలొక్కటే విడిగా కట్టి రాయొచ్చునని, ఆడవాళ్ళు ఐటీఐలో ఏ వయసులోనైనా చేరొచ్చునని.

లెక్కలు ఎవరు చెబుతారు? మావారు ట్యూషను పెట్టిస్తానన్నారు. నేను వద్దన్నాను. తీసేసినాయనే ఇవ్వాలి అని నాలో ఒక పంతం పుట్టింది.

ఆయన అప్పటికి రిటైరయ్యారు. మోపెడ్ వరండాలో దుమ్ము పట్టి ఉంది. వరండా గోడకి మాత్రం కొత్త నల్లబోర్డు బిగించుకున్నారు. “పిల్లలందరూ భీమవరం కోచింగులకి పోతున్నారమ్మా, ఈయన గోడకి పాఠం చెప్పుకుంటున్నారు” అన్నారు ఆయన భార్య.

“మాస్టారూ, నాకు లెక్కలు చెప్పండి” అన్నాను.

నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. మోటార్లు అనగానే, “ఆఁ, మన పని బ్యాచి!” అన్నారు. లెక్కలు ఎందుకో కూడా అడగలేదు. మొహం వెలిగిపోయింది. “ఆదివారం పొద్దున్నే వచ్చెయ్” అన్నారు.

ఆ ఆదివారాల గురించి చెప్పడం నాకు కష్టం. ఆయన అంత బాగా చెప్పకపోయి ఉంటే ఎంత బాగుండేది! ఎక్స్ అనగానే నేను బిగుసుకుపోతే, “భయమెందుకమ్మా? పేరు తెలీని మనిషి, అంతే. చుట్టుపక్కల వాళ్ళని అడుగు, వాడెవడో వాళ్ళే చెబుతారు” అన్నారు. బోర్డు మీద చుట్టుపక్కల అంకెల్ని ఒక్కొక్కటే అవతలికి పంపించి, ఎక్స్‌ని ఒంటరిగా నిలబెట్టి, “ఇదుగో, దొరికాడు” అన్నారు. నాకు అర్థమైంది. అంతే, అర్థమైపోయింది! ఇంటికొచ్చి అన్నం వండుతూ ఏడ్చాను. ఇంతేనా? ఇంత తేలికా? గోడ అవతల రోజూ చెప్పింది ఇదేనా? నాకు రాదని మా అమ్మ ముందు కూర్చుని చెప్పింది దీని గురించేనా?

వారం వారం వెళ్ళాను. తప్పితే వెనక్కి తీసుకెళ్ళి, తప్పిన చోట నిలబెట్టి, మళ్ళీ నడిపించారు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నాకు లెక్కలు వస్తున్నకొద్దీ ఆయన మీద కోపం పెరిగింది. ఒకనాడు క్షేత్రగణితం చెబుతుండగా పుస్తకం మూసేసి అడిగేశాను.

“మాస్టారూ, అప్పుడు నాకు లెక్కలు రావని నిజంగా అనుకున్నారా?”

ఆయన అరచెయ్యి బోర్డు మీద ఆగింది. తప్పించుకుందామని చూడలేదు. అది ఒప్పుకోవాలి.

“రావని కాదమ్మా. వస్తాయో రావో చూసే తీరిక లేదు. నూటికి నూరు రాకపోతే బడి ఎత్తేస్తామన్న రోజులవి. వచ్చేవాళ్ళు ఎవరో నాకు ముందే తెలుసు. మిగతావాళ్ళకి ఏదో ఒక దారి చూపించాలి కదా. చూపించాను.”

“వచ్చేవాళ్ళు ఎవరో ముందే ఎలా తెలుస్తాదండి?”

“తెలుస్తుందమ్మా” అన్నారాయన. అని, గీసిన గీత దగ్గర మళ్ళీ మొదలెట్టారు. నేనూ పుస్తకం తెరిచాను. పరీక్ష దగ్గరపడుతోంది మరి.

పాసయ్యాను. మంచి మార్కులే వచ్చాయి. మెమో తీసుకెళ్ళి చూపిస్తే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నా తల మీద చెయ్యి వేశారు. అప్పటికప్పుడు ముగ్గురు నలుగురికి ఫోన్లు చేసి, “మా శిష్యురాలు! ఇద్దరు పిల్లల తల్లి!” అని చెప్పారు. దారిలో ఆటో అద్దంలో చూసుకుంటే పాపిట్లో సుద్ద మరక కనిపించింది. ఇంటికెళ్ళి తలంటుకున్నాను.

తర్వాత ఐటీఐలో చేరాను. మా పెద్దాడికన్నా కొంచెం పెద్ద పిల్లల మధ్య కూర్చుని చదివి, పాసయ్యాను, లైసెన్సు కూడా వచ్చింది. సభలో చప్పట్లు కొట్టింది దానికే. అందరూ అది పని చదువు మహిమ అనుకున్నారు.

అసలు చెప్పాల్సింది దీని తర్వాతది. లైసెన్సు వచ్చిందని చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆయన ఆశగా అన్నారు, “మీ బ్యాచిలో ఇంకెవరైనా ఉంటే తీసుకురామ్మా. ఖాళీగానే ఉన్నాను. చెబుతాను.” అప్పటికే మనిషి బాగా చిక్కిపోయారు. బోర్డు కింద సుద్దముక్కలు కొత్తవి, విరగనివి, అలాగే ఉన్నాయి.

సత్యవతి దగ్గరికి వెళ్ళాను. అది ఇంకా రొయ్యల షెడ్డులోనే ఉంది. షెడ్డు మారింది గానీ పని మారలేదు. వేళ్ళ కణుపులు ఉబ్బి, చిటికెన వేళ్ళు రెండూ వంగిపోయి ఉన్నాయి. గంటలాంటి గొంతు చల్లటి గదుల్లో బొంగురుపోయింది. కొత్తగా వచ్చిన పిల్లలు సూపర్‌వైజర్లు అవుతున్నారు. దీన్ని మాత్రం బల్ల దగ్గరే ఉంచేశారు.

“మాస్టారు రమ్మంటున్నారే” అన్నాను.

“ఎందుకంట?”

“లెక్కలు చెప్తారంట.”

నవ్వింది. చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “ఎప్పుడంట?” అంది.

ఆ ఆదివారం పొద్దుటి పూటకి సెలవు పెట్టి, నీలం చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. ఇద్దరం వెళ్ళాం. మాస్టారు తయారుగా ఉన్నారు. తెల్లచొక్కా వేసుకుని, రెండు కుర్చీలు వేయించి ఉంచారు. సత్యవతిని కూర్చోబెట్టి, ఆప్యాయంగా అడిగారు.

“నీ పేరేంటమ్మా?”

“సత్యవతండి.”

“ఏ బడిలో చదివావమ్మా?”

మా బ్యాచివాళ్ళని తీసుకురమ్మన్నది ఆయనే, ఆ సంగతీ మర్చిపోయారు. నేను నోరు తెరిచేలోపల అది నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పింది.

“ఏ బళ్ళోనూ చదవలేదండి.”

“అయ్యో” అన్నారాయన. నిజంగానే బాధపడ్డారు. “పరవాలేదమ్మా. మొదటినుంచీ చెబుతాను.”

లేచి, సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద ఒకటి వేశారు. దాని పక్కన రెండు వేశారు. సత్యవతి చేతులు ఒళ్ళో పెట్టుకుని పాఠమంతా విన్నది. అడిగినవాటికి జవాబు చెప్పింది. తప్పు చెప్పాల్సిన చోట తప్పు చెప్పింది, ఆయన సరిదిద్దితే “ఆయ్, అలాగాండి” అంది. నేను తల వంచుకుని కూర్చున్నాను.

బస్సు కోసం కాలవగట్టు మీద నడుస్తున్నప్పుడు నాకు కోపం ఆగలేదు.

“ఎందుకు చెప్పలేదే? మీ బళ్ళోనే చదివాను, మీరే వ్యాను ఎక్కించారు అని మొహమ్మీద అడిగెయ్యాల్సింది.”

“అడిగితే?”

“గుర్తొచ్చేది ఆయనకి.”

“గుర్తొస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారే” అంది సత్యవతి. “నీ దగ్గర పెట్టుకోలేదా? తప్పయిపోయిందమ్మా అంటారు. నేను పరవాలేదండి అనాలి. ఆయనకి అక్కడితో తీరిపోద్ది. ఎందుకు తీర్చాలి నేను?”

బస్సు వచ్చింది. షెడ్డు దగ్గర దిగిపోయింది. సగం రోజు షిఫ్టు ఉందంది.

తర్వాతి ఆదివారం అది వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. పదింటికల్లా మాస్టారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“ఆ అమ్మాయి రాలేదేంటమ్మా? కూర్చుని ఉన్నాను.”

“పని ఉందంటండి.”

“అయ్యో, ఎలాగైనా పంపించమ్మా. చాలా చురుకైన పిల్ల. ఇలా చెబితే అలా పట్టేసుకుంటోంది” అన్నారు. కాస్త ఆగి, జాలిగా అన్నారు. “అలాంటి పిల్లని చిన్నప్పుడు బడికి పంపకుండా ఎవరు చేశారో పాపం, ఘోరం కదమ్మా!”

“అవునండి” అన్నాను.